సగం శివుడు, సగం పార్వతి, నిండా పెరుగన్నం

అనగనగా... ముందు ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టుకోండి. భార్గవా, అక్క దిండు అక్కకిచ్చెయ్. ఏడిపించకు. ఆఁ, అనగనగా పిట్టలకోట అని ఒక రాజ్యం. రాజ్యమన్నాక రాజుండాలిగా, ఉన్నాడు. మంచివాడే పాపం, ఎవరేం అడిగినా కాదనేవాడు కాదు. కానీ ఒక్కటే అవలక్షణం. ఏ మాటైనా సగమే వినేవాడట. మిగతా సగం చెవిన పడేలోపల ఆవలింత వచ్చేసేది. ఎవరో పరిగెత్తుకుంటూ వచ్చి, మహారాజా వానలకి మా ఊరి చెరువు... అనేసరికి, తవ్వించండి తవ్వించండి అనేవాడు. గట్టు తెగింది బాబో అని చెప్పబోయినవాడు నోరు మూసుకుని వెళ్ళిపోయేవాడు. తెగిన చెరువు తెగినట్టే ఉండేది, పక్కన ఇంకో గొయ్యి పడేది. నవ్వకండి. మీ తాతయ్యా అంతే. ఉప్పైపోయింది మహానుభావా అంటే పప్పు పట్టుకొచ్చేవారు.

ఆ రాజుగారికో మంత్రి. అసలు పేరు పేరన్న. అయితే గడ్డపెరుగు లేనిదే విస్తరి ముందునుంచి లేచేవాడు కాదని, జనమంతా చాటుగా పెరుగన్న మంత్రి అనేవారు. యుద్ధం వచ్చిందన్నా సరే, పెరుగు తిన్నాకే కత్తి పట్టుకునేవాడట. ఊఁ కొడుతున్నారా? సాహితీ, నీ ఊఁ వినపడటం లేదే తల్లీ. ఆఁ, అదీ.

కోట కిందే వేషాలపేట అని ఒక పేట. అందులో అందరూ ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు, వాయించేవాళ్ళే. హరికథ చెప్పే దాసుగారొకాయన, డప్పు వాయించే పోలయ్య, హనుమంతుడి వేషం కట్టి పెంకుటిళ్ళ మీద గెంతే కోటప్ప. అందరికంటే పెద్దవాడు శరభయ్య. ఆయన పగటివేషాలవాడు. పగటివేషమంటే తెలుసా? నాటకానికైతే రాత్రవ్వాలి, దీపాలుండాలి, వేదికుండాలి. వీళ్ళకవేమీ అక్కర్లేదు. పట్టపగలు, నడివీధిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో మనిషిని ఎదురుగా నిలబెట్టి నమ్మించాలి. నా చిన్నప్పుడు మా ఊరికీ వచ్చేవాళ్ళు. ఓసారి టోపీ పెట్టుకుని పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చి మా నాన్నని గద్దించాడు. మా నాన్న గడగడలాడిపోయి కుర్చీ వేసి, విసనకర్ర ఇచ్చి, చెంబుడు మజ్జిగిచ్చాడు. ఆ ఇన్‌స్పెక్టరు మజ్జిగంతా తాగి, మూతి తుడుచుకుని, పగటివేషం వాణ్ణి బాబయ్యా, ఇనాం ఇప్పించండి అన్నాడు! ఆ తర్వాత మా నాన్న చాలాకాలం ఖాకీ చొక్కా వేసుకున్న ప్రతివాడి బుగ్గా గిల్లి చూసేవాడు.

సరే, శరభయ్య దగ్గరికి వద్దాం. ఆయన వేషాలన్నింట్లోకీ గొప్పది అర్ధనారి వేషం. ఒక్క మనిషే, కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి. కుడిపక్క జడలు, పులితోలు, సగం మీసం. ఎడమపక్క పట్టుచీర, ముక్కుపుడక, కాటుక కన్ను. ఒక సగం కనపడకుండా ముందొక తెర పట్టుకుంటారు. తెర ఇటు జరిపితే శివుడు గద్దించేవాడు, అటు జరిపితే పార్వతి అలిగేది. ఇటు శివుడు, అటు పార్వతి, ఇటు శివుడు, అటు పార్వతి! ఓ ఊళ్ళో ఓ ముసలావిడ నిజంగానే మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారనుకుని, ఎందుకర్రా నలుగుర్లో అంటూ మధ్యలోకెళ్ళి సర్దిచెప్పిందట.

ఆ వేషం శరభయ్యకి తప్ప లోకంలో ఎవరికీ రాదు. రంగు వేసుకోవడానికే సగం రోజు పట్టేది. పసుపురాయి అరగదీసి, జిగురు కలిపి, నుదుటి నడిమి నుంచి గడ్డం దాకా దారం పట్టినట్టు గీత గియ్యాలి. ఆ గీత వెంట్రుకంత జరిగినా శివుడూ కాడు, పార్వతీ కాదు, మసిబట్ట అవుతుంది.

రంగు వేసుకునేటప్పుడు ఎదురుగా నిలబడి అద్దం పట్టుకునేది ఎవరూ? ఆయన కోడలు గవరమ్మ. మన కథంతా ఆవిడదే. కాపరానికొచ్చిన నాటినుంచీ అద్దం పట్టడం ఆవిడ పని. ఆయన అద్దంలో చూసుకుంటుంటే, ఈవిడ ఆయన మొహం చూస్తుండేది. మావయ్యా, నాకూ నేర్పండి అని ఓసారి అడిగింది. ఆడవాళ్ళు వేషం కట్టకూడదమ్మాయీ, అద్దం కదపకు అన్నాడాయన. గవరమ్మ అద్దం కదపలేదు. కళ్ళూ తిప్పుకోలేదు.

అలా ఉండగా జనానికి కష్టకాలం వచ్చింది. పంటలు తగ్గాయి, వేషగాడి జోలెలో పడే గింజలూ తగ్గాయి. పోలయ్య పిల్లలు గేదెల వెనక పోయారు. దాసుగారి పిల్లలు మిరపకాయల కోతకి పోయారు. గవరమ్మ మొగుడు నందయ్య బస్తాలు మొయ్యడానికి పోయాడు. అన్నం తినాలా వద్దా మరి? వాళ్ళనేం అనగలం. నేర్పేవాళ్ళున్నారు, నేర్చుకోవడానికి కూర్చునే తీరిక ఏ పిల్లలకీ లేదు. ఇంతలో ఒకనాడు రంగు వేసుకుంటుంటే శరభయ్య చెయ్యి వణికింది. పార్వతి కనుబొమ్మ వంకరపోయింది. ఆయన తుడుచుకుని మళ్ళీ గీశాడు. మళ్ళీ వంకరపోయింది. అద్దం వెనకనుంచి గవరమ్మ చూస్తూనే ఉంది. ఈ చెయ్యి ఆగిపోతే ఆ పార్వతీ పోతుంది, ఆ శివుడూ పోతాడు, ఇంక ఎవరూ తీసుకురాలేరు. అదీ ఆవిడ బెంగ.

చెంగు నడుముకి బిగించుకుని తిన్నగా రాజుగారి దగ్గరికెళ్ళింది. మహారాజా, మన రాజ్యంలో ఆటపాటలు అడుగంటిపోతున్నాయి, తమరు కళాకారుల్ని పోషించాలి, పోషించడమంటే... అందో లేదో, రాజుగారికి ఆవలింత వచ్చేసింది. మంత్రీ, పోషించండి! అని లేచి వెళ్ళిపోయాడు.

పెరుగన్న మంత్రి గడ్డం గోక్కున్నాడు. పోషించడమంటే ఏమిటి? తల్లి బిడ్డని పోషిస్తుంది. ఎలా పోషిస్తుంది? బువ్వ పెట్టి. అయితే ఇంకేం, ఇది మనకి బాగా తెలిసిన విద్యే అనుకున్నాడు. అనుకుని పెద్ద భవంతి కట్టించి, కళాపోషణ మందిరం అని బంగారు అక్షరాల బోర్డు పెట్టించి, పేటలో కళాకారులందరినీ బళ్ళమీద తోలుకొచ్చి కూర్చోబెట్టాడు. ఇంక చూస్కోండి! పొద్దున పెసరట్టు. పెసరట్టు మీద ఉప్మా, ఉప్మా మీద నెయ్యి. మధ్యాహ్నం పప్పు, పప్పులోకి అప్పడం, అప్పడం వెనక గుమ్మడికాయ పులుసు, పులుసు వెనక గడ్డపెరుగు. సాయంత్రం బూరెలు, బూరెల్లో మళ్ళీ నెయ్యి. తిన్నారు, తేన్చారు, తొంగున్నారు. లేచారు. తిన్నారు, తేన్చారు... మీరనండి... తొంగున్నారు!

పాపం, ఎన్నాళ్ళ ఆకలో వాళ్ళది. తిననీ అని గవరమ్మ కూడా సంతోషించింది. కానీ మంత్రిగారు రెండు షరతులు పెట్టాడు. రాజుగారి నెయ్యి తిన్నవాళ్ళు ఎండలో గెంతితే రాజుగారికి పరువు తక్కువ, కాబట్టి ఎవరూ ఆడకూడదు, పాడకూడదు, చెమట పట్టకూడదు. రెండోది, పిల్లల్ని లోపలికి రానివ్వకూడదు. ఎందుకంటే వాళ్ళింకా కళాకారులు కాలేదుగా! ముందు నేర్చుకుని రండి, తర్వాత పోషిస్తాం అన్నాడు. ఎవరి దగ్గర నేర్చుకోవాలయ్యా అంటే, అది మా శాఖ కాదన్నాడు. నేర్పేవాళ్ళు లోపల, నేర్చుకునేవాళ్ళు బయట, మధ్యలో గుమ్మానికడ్డంగా మీసాల భటుడు. అదీ పోషణ!

తిన్నారు, తేన్చారు, తొంగున్నారు. పోలయ్య వేళ్ళు బొద్దుగా అయిపోయి డప్పు మీద పడితే మెత్తగా, దిండు మీద పడ్డట్టు చప్పుడు. కోటప్పకి హనుమంతుడి తోక నడుముకి చుట్టు తిరగడం మానేసింది. దాసుగారు శ్రీరామ అనబోతే శ్రీ దగ్గర తేన్పొచ్చి, రామ దగ్గర నిద్రొచ్చింది.

గవరమ్మ మంత్రి దగ్గరికెళ్ళి, అయ్యా, పోషణంటే ఇది కాదండీ అంది. ఆయన నొచ్చుకుని, చాలటం లేదా అమ్మా అని గారెలు కలిపాడు. మళ్ళీ వెళ్ళి, గారెలు కాదండీ అంటే బొబ్బట్లు కలిపాడు. బొబ్బట్లూ కాదండీ బాబూ అంటే పరవాన్నం కలిపాడు. ఇంక నోరెత్తితే ఏం కలుపుతాడోనని భయపడి వచ్చేసింది. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి తెలిసిన ప్రేమ అదొక్కటే. నేనూ అంతేగా, మీరు ఏడిస్తే ముందు లడ్డూ డబ్బా తీస్తాను.

ఓ రోజు భటుణ్ణి బతిమాలుకుని, అద్దం చెంగులో దాచుకుని మావగారి దగ్గరికెళ్ళింది. ఆయన పరుపుమీద పక్కకి తిరిగి పడుకున్నాడు.

“మావయ్యా, అద్దం తెచ్చాను. ఒక్కసారి రంగు కలపండి.”

“ఎందుకమ్మాయీ, ఎవరు చూడొచ్చారు? ఇవాళ పులిహోరట” అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

గవరమ్మకి దుఃఖం ఆగలేదు. గంజి తాగి బతికినప్పుడు కూడా ఆ మనిషి, పొద్దున లేవగానే అద్దమేదమ్మాయీ అని అడిగేవాడు. ఇప్పుడు అద్దం ఎదురుగా పెట్టినా చూడటం లేదు. దారంతా ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కుని, అద్దం గోడకి ఆనించి, పసుపురాయి తీసి అరగదీసింది. జన్మలో మొదటిసారి ఆ అద్దంలో తన మొహం చూసుకుంది. కళ్ళతో నేర్చుకున్నదంతా వేళ్ళలోకి తెచ్చుకుంది. గీత గీసింది, తుడిచింది, గీసింది, తుడిచింది. నందయ్య బస్తాల పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, అమ్మా తల్లీ, తమరెవరు? మా ఆవిడేదీ? అని చేతులు జోడించాడు. అప్పుడు ఆవిడకి ధైర్యం వచ్చింది. ఏవయ్యా, తెర పట్టుకుంటావా అని అడిగింది. బస్తాలు మోసిన చేతులు, తెరెంత బరువు? అన్నాడు వాడు. మంచి మొగుడు.

నిద్రపోయారా? భార్గవా? ఊఁ అను మరి. అసలు కథ ఇప్పుడే.

అంతలో పొరుగు రాజ్యం రాణిగారు చుట్టపుచూపుగా పిట్టలకోటకొచ్చింది. మన రాజుగారు మీసం దువ్వుకుని, మా రాజ్యంలో కళల్ని పోషించినట్టు ఇంకెక్కడా పోషించరమ్మా, చూద్దురుగాని రండి అన్నాడు. సభ చేశారు. మందిరం నుంచి కళాకారుల్ని మళ్ళీ బళ్ళమీదే తెచ్చారు, నడవలేరుగా. పోలయ్య డప్పు కొడితే మెత్తగా శబ్దం. దాసుగారు శ్రీ అని తేన్చాడు. కోటప్ప లంకకి గెంతుతానని పీటెక్కి, సముద్రం సగంలో కూడా కాదు, పీట పక్కనే కూలబడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే గుర్రు! శరభయ్యయితే వచ్చిన దగ్గర్నుంచీ స్తంభానికానుకుని నిద్రే. రాణిగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. రాజుగారి మొహం మాడిపోయిన అప్పడంలా అయింది.

అప్పుడు సభా ద్వారం దగ్గర ఢమఢమ ఢమరుకం మోగింది. ముందు తెర పట్టుకుని నందయ్య, వెనక అర్ధనారి! శివుడి పక్కనుంచి తెర జరిగింది. శివుడు సగం మీసం మెలేసి, పార్వతీ, ఇంకో అరిసె లేదా? అన్నాడు. తెర అటు జరిగింది. ఆపు స్వామీ నీ తిండి, అంది పార్వతి. నువ్వు బిచ్చమెత్తినన్నాళ్ళూ ఆడావు, నువ్వాడితే లోకం ఆడింది. ఇప్పుడు తిని తొంగుంటే లోకాన్నెవరాడిస్తారు? అని మూతి తిప్పుకుంది. సభంతా గొల్లుమంది. ఇటు శివుడు, అటు పార్వతి, ఇటు శివుడు, అటు పార్వతి! రాణిగారు సింహాసనం అంచుకొచ్చి కూర్చుంది. మంత్రిగారు చేతిలో గారె కిందపెట్టాడు.

స్తంభం దగ్గర శరభయ్య ఒక కన్ను తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. రెండో కన్నూ తెరిచాడు. ఒక్క గావుకేక పెట్టాడు.

“ఒసేయ్! కుడిపక్క పార్వతేమిటే!”

ఆ కేకకి సభలో పావురాలు లేచిపోయాయి. మీకర్థమైందా ఏం జరిగిందో? గవరమ్మ అద్దం పట్టుకుని ఎదురుగా నిలబడి నేర్చుకుంది కదా. సాహితీ, నాకెదురుగా కూర్చో. నీ ఎడమ చెయ్యెత్తు. చూశావా, అది నా కుడిచేతికెదురుగా వచ్చింది! మావగారి ఎడమపక్క పార్వతి, చూసేవాళ్ళకి కుడిపక్క కనపడేది. చూసింది చూసినట్టే ఆవిడ తన కుడిపక్కకి దించేసుకుంది. పార్వతి కుడికొచ్చింది, శివుడు ఎడమకెళ్ళాడు. సభలో ఎవరికీ తెలియలేదు. ఆయనొక్కడికే తెలిసింది, తెలిసి ఒళ్ళు మండిపోయింది.

అంత లావు మనిషీ బండక్కర్లేకుండా, చెయ్యందుకోనక్కర్లేకుండా లేచి, గబగబా సభ మధ్యకొచ్చి, తన కండువాతో కోడలి మొహమంతా తుడిచేశాడు. ఆడది వేషం కట్టిందేమిటని అడగడం మర్చేపోయాడు. రంగులేవీ అన్నాడు. నందయ్య పెట్టె తెరిచాడు. అద్దమేదీ అన్నాడు. అద్దం ఉంది, పట్టుకునేవాళ్ళు లేరు. రోజూ పట్టుకునే మనిషి ఇవాళ రంగు వేయించుకుంటోందిగా. నందయ్య చేతిలో తెరుంది. ఎవరూ కదలకపోతే, దగ్గర్లో ఉన్నది రాజుగారు, ఆయనే లేచొచ్చి అద్దం పట్టుకున్నాడు.

చూడమ్మాయీ, ఎదురుగా కాదు, నా పక్కన కూర్చో, నా కుడి నీ కుడి, నా ఎడమ నీ ఎడమ అంటూ మొదలెట్టాడు శరభయ్య. ముక్కు దగ్గర ఊపిరి బిగపట్టాలి, కనుబొమ్మ దగ్గర వదలాలి. పార్వతి కన్ను గియ్యాలంటే ముందు నువ్వు కొంచెం అలగాలి. శివుడి మీసానికి దవడ బిగించాలి. మధ్యలో ఆయన చెయ్యి వణికింది. గవరమ్మ ఆ చేతిమీద చెయ్యి వేసింది. రెండు చేతులూ కలిసి గీత గీశాయి. గీత వణకలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, ఏడవకే, రంగు కారుతుంది అని కసిరాడాయన.

రాజుగారికి మధ్యలో ఆవలింత వచ్చింది. అద్దం కదపకండి! అని గద్దించాడు శరభయ్య. రాజుని! ఆ ఆవలింత మింగేశాడాయన. పుట్టాక మొదటిసారి ఒక సంగతి మొదట్నుంచి చివరిదాకా చూశాడు. పోలయ్య లేచి కూర్చున్నాడు. కోటప్ప గుర్రాపి తోక సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర పేట పిల్లలు మీసాల భటుడి కాళ్ళ సందుల్లోంచి తలలు దూర్చి చూస్తున్నారు, భటుడూ అటే చూస్తున్నాడు. మధ్యాహ్నం దాటిపోయింది. పెరుగన్న మంత్రికి పెరుగు గుర్తు రాలేదు! అంతకంటే ఇంకేం చెప్పను.

రంగు పూర్తయ్యింది. కుడి శివుడు, ఎడమ పార్వతి. గవరమ్మ రాజుగారివైపు తిరిగి, ఆ రోజు సగంలో ఆగిపోయిన మాట అందుకుంది.

“పోషించడమంటే, మహారాజా...”

అని ఊరికే ఆగింది. ఆవలింత రాలేదు.

“అంటే?” అన్నాడు రాజుగారు.

“ఇప్పుడు తమరు చేసిందేనండి. మేం గీసుకుంటాం. తమరు అద్దం పట్టుకోండి, చాలు.”

అని, అద్దం పట్టడమంటే ఏమిటో కూడా విప్పి చెప్పింది. పిల్లలు నేర్చుకోవడానికి ఒక చావిడి కావాలి. రంగులు, డప్పులు, గజ్జెలు కావాలి. నేర్చుకునే పిల్లల ఇంటికి రాజుగారి గాదెలోంచి గింజలు రావాలి, అప్పుడు వాళ్ళు గేదెల వెనకా మిరపతోటలకీ పోనక్కర్లేదు. నేర్పే పెద్దలకి నేర్పినందుకు ఇవ్వాలి, తొంగున్నందుకు కాదు. ఆటలు కోటలో కాదు, పేటపేటకీ వెళ్ళి ఆడాలి, బండి ఖర్చు దివాణానిది. రాజుగారు అన్నీ విని సరేనన్నాడు. గవరమ్మ ఊరుకుందా? ఏం విన్నారో చెప్పండి అంది! ఆయన అన్నీ తిరిగి ఒప్పజెప్పాడు. గజ్జెలు మర్చిపోతే గుమ్మం దగ్గర పిల్లలే అందించారు.

మందిరానికి బోర్డు మార్చి వేషాల బడి అని పెట్టారు. భటుణ్ణి గుమ్మం దగ్గర్నుంచి తీసేశారు, అతనే మర్నాడు పిల్లల పక్కన కూర్చుని నేర్చుకోవడానికొచ్చాడు, మీసం సొంతదేగా. పెరుగన్న మంత్రి చిన్నబుచ్చుకుంటే గవరమ్మే ఊరడించింది. ఆకలితో ఏ పిల్ల పాడుతుందండీ, మధ్యాహ్నం మీరే పెట్టాలి అంది. ఇంక ఆయన ఆనందం చూడాలి, వడ్డన తనే చేసేవాడు. నేర్చుకున్నారు, తిన్నారు, ఆడారు. ఇప్పుడిలా అనాలి. కోటప్ప తోక మళ్ళీ నడుముకి చుట్టు తిరిగింది. నందయ్య బస్తాలు మానేసి బడిలో తెర పట్టడం నేర్పాడు.

చాన్నాళ్ళకి, బడిలో కూర్చుని కోడలు పిల్లలకి రంగు దిద్దుతుంటే చూస్తూ, శరభయ్య ఉండబట్టలేక అడిగాడట. ఏమ్మాయీ, ఇన్నేళ్ళు నా మొహం చూశావే, కుడీ ఎడమా నీకు నిజంగా తెలియలేదా? లేకపోతే ఈ మొద్దునిద్ర వదిలిద్దామని కావాలనే వేశావా? అని. గవరమ్మ అప్పుడు అర్ధనారి వేషంలో ఉంది. ఎడమపక్క పార్వతి ఫక్కున నవ్వింది. కుడిపక్క శివుడు ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాడు.

ఏది నిజమో నన్నడక్కండి, నాకు చెప్పిన మా అమ్మమ్మకీ తెలియదు.

ఏంట్రా భార్గవా, గొణుగుతున్నావు? మీ బళ్ళో డ్రాయింగు పీరియడు లెక్కల సారు లాగేసుకున్నారా? అయితే రేపెళ్ళి అడగండి. మర్యాదగా, గట్టిగా, మాట పూర్తయ్యేదాకా అడగండి. సగంలో ఆవలిస్తే మళ్ళీ మొదట్నుంచి అడగండి. లడ్డూలిచ్చి పంపిస్తే తినేసి మళ్ళీ అడగండి. బువ్వ పెట్టి ఊరుకుంటే సరిపోదర్రా, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్ళు కావాలి, అప్పుడే చేతిలో ఉన్న విద్య ఇంకో చేతిలోకొస్తుంది.

ఇంక కథ కంచి బండెక్కేసింది, సగం శివుడూ సగం పార్వతీ దానికి తెర పట్టారు. మనం దుప్పట్లోకి. సాహితీ, దీపం తగ్గించు. ఎడమ చేత్తో కాదే... సరేలే, ఏదో ఒక చేత్తో.